విడాకుల తర్వాత భరణం: ఏ కోర్టు, ఏ తేదీ నుంచి, ఎంత, చేతికి ఎలా

"పాలకి ఎంత రాయమంటావక్కా?"

విశాఖ కంచరపాలెంలో మా పిన్ని వాళ్లింట్లో, పిల్లాడు పడుకున్నాక, మా చెల్లి అడిగిన మాట ఇది. ముందు లాయరుగారు ఇచ్చిన అఫిడవిట్ ఫారం. పక్కన చీరల షాపు కవరు నిండా కాగితాలు: స్కూలు ఫీజు రసీదులు, గ్యాస్ బిల్లులు, మందుల చీటీలు. పాల ఖర్చు దగ్గర ఐదొందలని రాసి, కొట్టేసి, నా వైపు చూసింది. ఇంటికి రోజూ అర లీటరు ప్యాకెట్టు వస్తుంది. నెలకి లెక్కేస్తే వెయ్యికి అటూ ఇటూ అవుతుంది. ఆ లెక్క తనకి తెలీక కాదు. "ఎక్కువ రాస్తే డబ్బు కోసమే వచ్చిందనుకుంటారేమో" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. భరణం అడగడమంటే చెయ్యి చాచడం అన్న భావన మన ఇళ్లలో ఎంతలా పాతుకుపోయిందంటే, తన కొడుకు తాగే పాలను కూడా సగానికి తగ్గించి రాసుకునేంత. ఇంకో పక్క, అబ్బాయి వైపు వాళ్లకి భరణమంటే ఆస్తిలో సగం రాయించుకుపోతారన్న భయం. ఈ రెండూ తప్పే. చట్టం ఏమంటుందో, కోర్టులో నిజానికి ఏం జరుగుతుందో తెలిస్తే ఇద్దరి భయమూ కొంత తగ్గుతుంది.

విడాకుల మాట రాగానే చుట్టాలందరూ అడిగేది ఒకటే: "ఎంతొస్తుందట?" నేను చూసినంతలో దానికన్నా ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఏ చట్టం కింద అడుగుతున్నాం? పిటిషన్ ఏ తేదీన పడింది? ఆర్డరు వచ్చాక డబ్బు చేతికి ఏ దారిన వస్తుంది? ఈ మూడూ సరిగ్గా లేకపోతే ఆర్డరులో ఎంత పెద్ద అంకె ఉన్నా అది కాగితం మీదే ఉండిపోతుంది.

ఒకే మాటకి నాలుగు దారులు

భరణం, మనోవర్తి, జీవనభృతి అని మనం ఏ పేరుతో పిలిచినా చట్టంలో దానికి వేర్వేరు తలుపులున్నాయి.

మొదటిది అందరికీ తెలిసిన "125 కేసు". పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125వ సెక్షన్ అది. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. పేరు మారినా లాయర్లు ఇప్పటికీ ఎం.సి. (మెయింటెనెన్స్ కేసు) అనే అంటారు. మతంతో సంబంధం లేదు. భార్య, పిల్లలు, తల్లిదండ్రులు ఎవరైనా వెయ్యొచ్చు. విడాకులు అయిపోయినా, మళ్లీ పెళ్లి చేసుకోనంత వరకు ఆమె ఈ సెక్షన్ కింద భార్యే. ఒకప్పుడు నెలకి ఐదొందలకి మించి ఇవ్వకూడదన్న పరిమితి ఉండేది. 2001లో తీసేశారు.

రెండోది 1955 నాటి హిందూ వివాహ చట్టం. విడాకుల కేసు నడుస్తుండగా బతకడానికీ, కేసు ఖర్చులకీ 24వ సెక్షన్. విడాకులు మంజూరయ్యేటప్పుడు గానీ ఆ తర్వాత గానీ శాశ్వత భరణానికి 25వ సెక్షన్. "ఆ తర్వాత గానీ" అన్నది చాలామందికి తెలీదు. డిక్రీ (కోర్టు తుది ఉత్తర్వు) వచ్చిన రోజు అడగలేదు కాబట్టి ఇక అంతే అనుకుని ఊరుకున్నవాళ్లని నేనే ఇద్దరిని చూశాను. ఇంకో సంగతి: ఈ రెండు సెక్షన్ల కింద భర్త కూడా భార్యని అడగొచ్చు. ఎం.సి.లో ఆ వీలు లేదు.

మూడోది 2005 నాటి గృహహింస చట్టం. ఇందులో నెలనెలా డబ్బుతో పాటు ఉండే ఇంటి గురించీ అడగొచ్చు. నాలుగోది 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం. విడాకులు తీసుకోకుండా వేరుగా ఉంటున్న భార్యకి ఇది పనికొస్తుంది. చర్చిలో పెళ్లయినవాళ్లకి 1869 నాటి విడాకుల చట్టం, రిజిస్టర్ పెళ్లిళ్లకి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉన్నాయి. విడాకులైన ముస్లిం మహిళ 125 కింద అడగొచ్చా అన్న ప్రశ్నకి సుప్రీంకోర్టు 2024 జులై 10న, తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే, అడగొచ్చని స్పష్టంగా చెప్పింది.

ఒకటి కన్నా ఎక్కువ తలుపులు తట్టొచ్చా అంటే తట్టొచ్చు. కానీ మొదటి కేసులో ఎంత వచ్చిందో రెండో కోర్టుకి చెప్పి తీరాలి. రెండో కోర్టు దాన్ని లెక్కలో తీసుకుంటుంది. రెండు చోట్లా నిండుగా రావడమన్నది ఉండదు.

కేసు ఎక్కడ వెయ్యాలన్నది కూడా భయపెట్టే విషయమే. మన విశాఖ ఆడపిల్లల్లో చాలామంది హైదరాబాదులోనో బెంగళూరులోనో కాపురం పెట్టి, అక్కడ తేడా వచ్చి పుట్టింటికి వచ్చేసినవాళ్లు. వాయిదా వాయిదాకీ రైలెక్కి వెళ్లాలేమోనని ఆగిపోతుంటారు. అక్కర్లేదు. ఆమె ఇప్పుడు విశాఖలో ఉంటుంటే ఎం.సి. అయినా విడాకుల పిటిషన్ అయినా ఇక్కడి కోర్టులోనే వేసుకోవచ్చు.

తేదీ విలువ

2020 నవంబరు 4న రజనేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు భరణం కేసులన్నిటికీ ఇప్పుడు దారి చూపే దీపం లాంటిది. అందులో రెండు విషయాలు ప్రతి ఇంట్లోనూ తెలియాలి.

ఒకటి, భరణం ఆర్డరు వచ్చిన రోజు నుంచి కాదు, పిటిషన్ వేసిన రోజు నుంచి లెక్క. అంతకు ముందు ఒక్కో కోర్టు ఒక్కోలా ఇచ్చేది. దీని విలువ అంకెల్లో చూడండి. నెలకి పది వేలని ఆర్డరు వచ్చింది, కేసు రెండేళ్లు నడిచింది అనుకుందాం. పిటిషన్ తేదీ నుంచి లెక్కేస్తే ఆర్డరు రోజుకే 2,40,000 బకాయి ఉంటుంది. "పెద్దమనుషుల్లో పెట్టి చూద్దాం, ఇంకో ఆర్నెల్లు ఆగు" అన్న ప్రతిసారీ ఆమె ఖాతాలోంచి ఆర్నెల్ల డబ్బు పోతున్నట్టే. రాజీ మాటలు మాట్లాడుకోండి, తప్పేం లేదు. పిటిషన్ వేసి కూడా రాజీ పడొచ్చు.

రెండు, ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు, ఖర్చులు అన్నీ అఫిడవిట్ రూపంలో కోర్టుకి ఇవ్వాలి. మా చెల్లి ముందున్నది ఆ ఫారమే. వ్యవసాయం మీద బతికేవాళ్లకి వేరే నమూనా ఉంది. అబద్ధం రాస్తే అబద్ధపు సాక్ష్యం కింద చర్య తీసుకోవచ్చు. ఇది భర్తకీ భార్యకీ ఒకటే. ట్యూషన్లు చెబుతూ ఎనిమిది వేలు సంపాదిస్తున్న అమ్మాయి "ఆదాయం లేదు" అని రాస్తే, ఎదుటి లాయరు ఆ ట్యూషన్ బోర్డు ఫోటో తెచ్చిన రోజున మిగతా నిజాలన్నీ కూడా అనుమానంలో పడతాయి. ఎనిమిది వేలు వస్తున్నాయని రాస్తే భరణం రాకుండా పోదు. కాస్తో కూస్తో సంపాదిస్తున్నంత మాత్రాన హక్కు పోదని, ఆ సంపాదనతో కాపురంలో ఉన్నప్పటిలా బతకగలుగుతుందా అన్నదే చూడాలని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి.

24వ సెక్షన్ పిటిషన్‌ని నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది, "వీలైనంత వరకు" అన్న మాటతో. ఆ మాట చాటున వాయిదాలు సాగుతాయి. అందుకే అఫిడవిట్‌లో కాగితాలన్నీ మొదటిరోజే జతచెయ్యాలి. మన వైపు నుంచి ఒక్క వాయిదా కూడా పోకూడదు.

ఎంత అన్నది ఎలా తేలుతుంది

"జీతంలో నాలుగో వంతు" అన్న మాట బాగా పాకిపోయింది. చట్టంలో ఎక్కడా ఆ మాట లేదు. 2017లో కల్యాణ్ డే చౌధురి కేసులో సుప్రీంకోర్టు భర్త నికర జీతంలో 25 శాతం న్యాయంగా ఉంటుందని అంది. ఆ కేసులోనే భర్త నికర జీతం 95,527 అయితే, అతనికి రెండో పెళ్లి, ఆ కుటుంబం బాధ్యత కూడా ఉన్నాయని చూసి 23,000 ఉన్నదాన్ని 20,000కి తగ్గించింది. అంటే ఆ తీర్పులోనే నాలుగో వంతు పూర్తిగా రాలేదు. అది కొలబద్ద మాత్రమే.

2024 డిసెంబరులో ప్రవీణ్ కుమార్ జైన్ కేసులో అదే కోర్టు చూడాల్సిన అంశాలని ఒక చోట పెట్టింది. ఇద్దరి సామాజిక, ఆర్థిక స్థితి, భార్యాపిల్లల అవసరాలు, చదువు, ఉద్యోగం, ఆమెకి సొంత ఆదాయం, ఆస్తి ఉన్నాయా, కాపురంలో ఎలా బతికారు, కుటుంబం కోసం ఆమె ఉద్యోగం వదులుకుందా, కేసు ఖర్చులు, భర్త స్తోమతు, అతని బాధ్యతలు. ఆ దంపతులు కలిసున్నది కొద్ది సంవత్సరాలే, విడిగా ఉన్నది ఇరవై ఏళ్లు. భార్యకి 5 కోట్లు, కొడుక్కి కోటి ఇమ్మంది. పేపర్లో ఈ అంకె చూసి మన కేసులోనూ అలా వస్తుందనుకోకండి. అది ఆ కుటుంబం స్తోమతు. అదే నెలలో వేరే కేసులో, మాజీ భర్త సంపదతో సమానం చెయ్యడానికి భరణం లేదని కూడా అదే కోర్టు చెప్పింది.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. మన దేశంలో విడాకులైతే ఆస్తి సగం సగం పంచాలన్న నియమం లేదు. మధురవాడలో భర్త పేరు మీదున్న ఫ్లాటులో ఆమెకి సగం దానంతట అదే రాదు. రావాలంటే ఆమె పేరు దస్తావేజులోనైనా ఉండాలి, లేదా భరణంలో భాగంగా రాయించుకోవాలి. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం, పసుపు కుంకుమ కింద రాసిచ్చిన భూమి మాత్రం భరణంలోకి రావు. అవి ఆమె స్త్రీధనం, పూర్తిగా ఆమెవే. "బంగారం ఇచ్చేస్తాం, భరణం అడక్కు" అని ఎవరైనా బేరం పెడితే, ఆమె సొమ్ముని ఆమెకే అమ్ముతున్నారని అర్థం.

జీతగాడైన భర్త లెక్క తేలికే. పే స్లిప్పు తెప్పించమని కోర్టుని అడగొచ్చు. స్లిప్పు కింద చూడాల్సింది కటింగ్‌లని. పన్ను, పీఎఫ్ లాంటి తప్పనిసరి కోతలని కోర్టు తీసేస్తుంది. సొసైటీ లోను, చీటీ, కారు వాయిదా లాంటివి మనిషి తనంతట తను పెట్టుకున్నవి. వాటిని చూపించి "చేతికి పన్నెండు వేలే వస్తున్నాయి" అంటే మామూలుగా ఒప్పుకోదు. కేసు పడగానే ఉద్యోగం మానేసినవాళ్ల విషయంలో అతనికి సంపాదించే శక్తి ఎంత అని చూస్తుంది. ఒంట్లో సత్తువ ఉన్న మనిషి కూలి చేసైనా భార్యాబిడ్డల్ని పోషించాలని సుప్రీంకోర్టు 2022లో మళ్లీ చెప్పింది.

కష్టమంతా పే స్లిప్పు లేనివాళ్ల దగ్గరే. ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు మీదికెళ్లే మనిషికి వేట బాగుంటే వాటా, లేకపోతే లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. "ఆ రెండు నెలలూ నేనే అప్పు చేసి తింటున్నాను, ఆవిడకేం ఇవ్వను?" అని అడుగుతాడు. అందులో నిజం లేకపోలేదు. అలాంటప్పుడు ఏడాది మొత్తం రాబడిని పన్నెండు నెలలకి పరిచి చూడమని అడగాలి. ఆటో నడిపేవాళ్లకీ, పూర్ణా మార్కెట్లో చిన్న వ్యాపారం చేసేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. రాబడికి రుజువు లేనప్పుడు ఖర్చే రుజువు. బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోన్‌లో పంపిన డబ్బుల చిట్టా, బండి వాయిదాలు, ఇంటద్దె. కోర్టు వీటినుంచి ఒక అంచనాకి వస్తుంది.

వన్‌టైమా, నెలనెలానా

పరస్పర అంగీకారంతో విడాకులంటే హిందూ వివాహ చట్టంలో 13బి సెక్షన్. ఏడాది విడిగా ఉండాలి, పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలల్ని తగిన కారణముంటే కోర్టు తగ్గించొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇందులో భరణం ఎంతన్నది జడ్జిగారు కాదు, ఇద్దరూ కూర్చుని తేల్చుకునేదే. అందుకే ఎక్కువ నష్టం కూడా ఇక్కడే జరుగుతుంది. అలసిపోయి, "ఎంతో కొంత, వదిలిపోతే చాలు" అని సంతకం పెట్టేస్తారు.

సంతకానికి ముందు ఒక్క లెక్క వేసుకోండి. పన్నెండు లక్షలు వన్‌టైమ్ అంటున్నారు. దాన్ని ఏడు శాతం వడ్డీకి డిపాజిట్ చేస్తే నెలకి ఏడు వేలు. నెలకి పదిహేను వేలు వచ్చే కేసుని ఆ పన్నెండు లక్షలకి వదులుకుంటే 80 నెలల డబ్బు, ఆరేళ్ల ఎనిమిది నెలలు. మూడేళ్ల పిల్లాడికి పదేళ్లు నిండకముందే అయిపోతుంది.

అలాగని నెలనెలా ఎప్పుడూ మేలని నేననను. అతనిది రేపు ఎక్కడుంటాడో తెలీని ఉద్యోగమైతే, ఇవాళ చేతికొచ్చే మొత్తమే నయం. అతను పోర్టులోనో ప్రభుత్వ కొలువులోనో ఉంటే నెలనెలా తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. పరిస్థితి మారితే పెంచమని మళ్లీ అడగొచ్చు. 2025 మేలో ఒక కేసులో సుప్రీంకోర్టు నెలకి 50,000 ఇస్తూ, రెండేళ్లకోసారి 5 శాతం పెరగాలని ముందే రాసేసింది. రాజీ కాగితంలో మనమూ అలాంటి షరతు అడగొచ్చు. పన్ను సంగతి కూడా గుర్తుంచుకోవాలి: ఒకేసారి వచ్చిన మొత్తాన్ని ఆదాయంగా చూడరు, నెలనెలా వచ్చేదాన్ని ఆదాయంగా చూస్తారు. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే నెలవారీది ఆగిపోతుంది.

పిల్లల వాటా వేరే పేరాలో, వేరే అంకెతో ఉండాలి. తల్లి తన భరణం వదులుకున్నా బిడ్డ హక్కుని వదిలెయ్యలేదు. అందరిదీ కలిపి ఒకే మొత్తం రాస్తే రేపు బిడ్డ చదువుకి అడిగినప్పుడు "అందులోనే ఇచ్చేశాం" అంటారు.

వంద రూపాయల స్టాంపు కాగితం మీద పెద్దమనుషుల ముందు రాసుకున్న తెగతెంపులు, నోటరీ ముద్ర వేసినా సరే, విడాకులు కావు. కులాచారం ప్రకారం విడిపోవడాన్ని హిందూ వివాహ చట్టం గుర్తిస్తుంది గానీ, ఆ ఆచారం నిజంగా ఉందని కోర్టులో రుజువు చెయ్యాలి. రుజువు కాకపోతే ఆమె ఇంకా భార్యే, భరణం అడిగే హక్కూ ఉన్నట్టే. "ఇక ఏమీ అడగను" అని రాసిచ్చిన కాగితం కూడా దారులన్నీ మూసెయ్యదు. ఎనిమిది వేలకి 125 కేసులో రాజీపడిన ఒకామె 1956 చట్టం కింద మళ్లీ అడగొచ్చని 2013లో సుప్రీంకోర్టు తేల్చింది.

చేతికి రావడం

ఆర్డరు వచ్చింది. మూడు నెలలు డబ్బు రాలేదు. ఇప్పుడేం చెయ్యాలి?

ఎం.సి. ఆర్డరు అయితే అదే కోర్టులో బకాయి పిటిషన్ వెయ్యాలి. కోర్టు వారెంటు ఇస్తుంది. అప్పటికీ కట్టకపోతే ఒక్కో నెల బకాయికి నెల దాకా జైలు. జైలుకెళ్లొస్తే అప్పు తీరిపోయినట్టు కాదని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. కానీ ఇక్కడే ఒక గొయ్యి ఉంది: డబ్బు ఇవ్వాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు పిటిషన్ వెయ్యకపోతే ఆ నెల బకాయికి ఈ దారిలో వారెంటు రాదు. "ఇస్తాడులే" అని పద్దెనిమిది నెలలు ఆగితే మొదటి ఆరు నెలల బకాయి ఈ దారిన చెయ్యి జారినట్టే.

హిందూ వివాహ చట్టం కింద వచ్చిన ఆర్డరుని సివిల్ డిక్రీలా అమలు చేయించుకోవచ్చు. జీతం జప్తు చేయించొచ్చు. మామూలు అప్పులకన్నా మనోవర్తి డిక్రీకి జీతంలో ఎక్కువ భాగం పట్టుకునే వీలుంది: మూడో వంతు అతనికి వదిలి మిగతాది. శాశ్వత భరణానికి అతని స్థిరాస్తి మీద బాధ్యత పెట్టమని కూడా అడగొచ్చు. అప్పుడు ఆ ఇల్లు అమ్ముడుపోయినా ఆమె హక్కు దానితో పాటే వెళ్తుంది.

నేవీ వాళ్లు మన ఊళ్లో ఎక్కువ కాబట్టి ఇది కూడా. వాళ్ల జీతాన్ని కోర్టు అమీనా వచ్చి జప్తు చెయ్యడం కుదరదు. అందుకు బదులు 1957 నాటి నేవీ చట్టంలోనే భార్యాపిల్లల పోషణ కోసం జీతంలోంచి కోసి పంపే ఏర్పాటు ఉంది. కోర్టు ఆర్డరు జతచేసి నేవీ అధికారులకే దరఖాస్తు పెట్టుకోవాలి.

లాయరు ఫీజు ఎక్కడ తెచ్చేదని ఆగిపోయేవాళ్లకి: జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని పెడతారు. 1987 నాటి చట్టం అది. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

డబ్బు చేతికి తీసుకోవద్దు, ఎంత నమ్మకమున్నా. పిల్లాడి పుట్టినరోజుకి వచ్చి ఐదు వేలు చేతిలో పెట్టి వెళ్తే, రేపు కోర్టులో అది పదిహేను వేలు అవ్వొచ్చు, అసలు ఇవ్వనేలేదని ఆమె కూడా అనొచ్చు. బ్యాంకు ఖాతాలోనే పడాలి, ఆర్డరులోనే ఖాతా నంబరు ఉండాలి.

మా చెల్లి ఆ రాత్రి పాలకి వెయ్యి రాసింది. తర్వాత ట్యూషన్ ఖర్చు, ఆటో ఖర్చు, మందులు, ఒక్కోదానికి కవర్లోంచి రసీదు తీసి, పిన్ను కొట్టి, వెనకాల పెన్సిల్‌తో నంబరు వేస్తూ పోయింది. పన్నెండున్నర అయింది. మధ్యలో పిన్ని ఒకసారి వచ్చి, ఏమీ అనకుండా టీ పెట్టి వెళ్లింది.